ఎడమ మూల

మా నాన్న ఇన్నయ్య, గుంటూరు మిర్చి యార్డులో హమాలీ.
అక్కడ షావుకారు టిక్కీ కడుపు కోయించి
గుప్పెడు కాయ తీస్తాడు,
ఒకటి తుంచి, వాసన చూసి, వెలుగుకెత్తి
ఒక్క మాటంటాడు.
ఆ మాటే ధర.

నన్నూ అట్టాగే కొన్నారు.
ఎక్కడో పెద్ద హోటల్లో, ఏసీ హాల్లో,
తెర మీద నా ఫోటో, ఎత్తు, బరువు,
కింద ఒక ముక్క: ఎడమ కార్నర్, చీలమండ పట్టు.
నేనా హాల్లో లేను.
యార్డు గేటు పక్క టీ బంకు దగ్గర
ఘాటుకి కళ్ళు తుడుచుకుంటా ఫోన్లో చూస్తన్నా.
సుత్తి పడింది. పదకొండు లక్షలు.
నాన్న అడిగాడు:
"క్వింటాకా?"

వాళ్ళు కబడ్డీ అంటారు. మాకది చెడుగుడు.
నల్లపాడు రోడ్డు పక్క ఖాళీ జాగాలో
పున్నయ్య మాస్టారు సున్నంతో గీసిన గీత
వానొస్తే పాలల్లే పారేది.
ఆయన నేర్పింది ఒకటే:
"ముఖం చూడమాక శౌరీ, ముఖం అబద్ధమాడిద్ది.
చీలమండ చూడు."

చూశాను. ఏడేళ్ళు అవే చూశాను.
పట్టీ చుట్టినవి, నల్లతాడు కట్టినవి,
గేదె కుమ్మిన పాత మచ్చ ఉన్నవి,
కదలబోయే ముందు ఒక్క నరం ఉలిక్కిపడేవి.
ఇప్పటికీ లక్ష్మీపురం సెంటర్లో ఎవరన్నా పలకరిస్తే
ముందు వాళ్ళ కాళ్ళు చూస్తాను.
సిగ్గరి అనుకుంటారు.

కూతకొచ్చినవాడికి ముప్పై సెకన్లు.
వాడి ఊపిరి లోకమంతా లెక్కపెట్టుద్ది,
గడియారం, రిఫరీ, టీవీలో కామెంటేటరు.
మూలన వంగి నిలబడ్డవాడి ఊపిరి ఎవరికి పట్టింది?
నేనూ బిగబట్టేవాణ్ణి.
ఇంటికొచ్చాక మా ఆవిడ మరియమ్మ చెప్పింది,
నిద్రలో కూడా.

ఆ రాత్రి నన్ను ఎవరూ తోయలేదు.
దొరికింది చీలమండ. పట్టాను.
వాడొక వైపు తిరిగాడు, నా మోకాలు ఇంకోవైపు.
చప్పుడు
ఎండు కాయ తుంచినట్టు.
చెయ్యి మాత్రం వదల్లేదు.
బోర్డు మీద మాకు ఒక పాయింటు వచ్చింది.
నన్ను మోసుకెళ్తుంటే పాట వేశారు,
పాయింటు వచ్చినప్పుడల్లా వేసే పాటే.

మరుసటేడు వేలంలో నా పేరు చదివారు.
కాసేపు ఆగారు.
తర్వాతి పేరు చదివారు.

యార్డులో తాలు అని ఒక మాటుంది.
రంగు పోయి తెల్లబారిన కాయ.
పారెయ్యరు దాన్ని. వేరే కుప్ప పోస్తారు,
సగం ధరకైనా ఎవడో ఒకడు కొంటాడు.
మనుషుల వేలంలో ఆ రెండో కుప్ప లేదు.

ఇప్పుడు కాటా దగ్గర నిలబడి తూకాలు రాస్తాను.
తుమ్ముల మధ్య అంకెలు.
ఈ మోకాలికి ఒక ఉద్యోగం దొరికింది:
బాపట్ల వైపు మబ్బు ఇంకా పుట్టకముందే సలుపుద్ది.
కొట్లవాళ్ళు ఆకాశం చూడరు, నన్నడుగుతారు:
"శౌరీ, మోకాలేమంటంది?"

నిన్న సాయంత్రం టిక్కీల వరసల మధ్య
పిల్లలు ఎర్ర దుమ్ములో చెప్పుతో గీత గీశారు.
"నువ్వా మూల నుంచో మావా" అన్నారు.
నుంచున్నా. వంగలేను, ఊరికే నుంచున్నా.
జిలానీ కూతురు రుక్సానా కూతకొచ్చింది.
తొమ్మిదేళ్ళు, ఒక కాలికి చెప్పు లేదు.
నా ముఖం వంక చూడనే లేదు.
తిన్నగా వచ్చి
తాలు మోకాలి మీద ఒక్కటిచ్చి
గీత దాటి పోయింది.

చీలమండ కనపడింది.
చెయ్యి సగం దాకా వెళ్ళింది కూడా.

"నొప్పెట్టిందా మావా?"
అవతల నుంచి, రొప్పుతా.

"వానొచ్చిద్ది" అన్నాను.
"పట్టలు కప్పమని మీ నాన్నకి చెప్పు."